ఒక కంప్యూటర్, రెండు సంసారాలు: లిలో అనే చిన్న ప్రోగ్రాము చరిత్ర



పోయిన ఆదివారం మన సంఘంలో తెలుగు క్లాసు అయినాక, ఇంజినీరింగ్ చదివే ఒక పాప తన లాప్‌టాప్ తెరిచింది. ఆన్ చేస్తూనే నల్ల తెర మీద రెండు వరుసలు వచ్చినాయి. ఒకటి ఉబుంటు, ఇంకొకటి విండోస్. కింద అయిదు, నాలుగు, మూడు అని లెక్క తగ్గుతా ఉంది. పాప మాటల్లో పడి చూసుకోలేదు. లెక్క సున్నాకు వచ్చింది, ఆ పూట తనకు అక్కరలేనిది తెరుచుకొంది. "అయ్యో, మళ్ళా మొదటి నుంచి రావాల తాతా" అని నవ్వింది. కొంచెం ఆగి అడిగింది: "అవును తాతా, ఏది కావాలని మనల్ని అడిగేది ఎవరు? విండోసా, లైనక్సా? రెండూ ఇంకా నిద్ర లేవనే లేదు కదా!"

మంచి ప్రశ్న. రెండూ నిద్రలో ఉండగా గుమ్మంలో కూర్చొని మనల్ని అడిగేవాడు మూడోవాడు. వాడి పేరు బూట్ లోడర్. వాడి చరిత్ర రాయాలని ఆ రోజే అనుకొన్నాము.

మేము కంప్యూటర్ చదువు చదివినవాళ్ళం కాదు. తిరుచ్చిలో తమిళ మీడియం బడి, తరువాత రైల్వేలో గుమస్తా పని, ఇప్పుడు పెన్షను. తెలుగు అక్షరాలు నలభై దాటినాక పెద్ద బాలశిక్ష పెట్టుకొని నేర్చుకొన్నవి. భాషలో తప్పుంటే సర్దుకొని చదవండి. ఈ మూడోవాడి గురించి మేము ఎందుకు తెలుసుకొన్నామంటే, ఒకప్పుడు వాడు మొరాయించి మన సంఘం కుటుంబాల రిజిస్టరు పోయినంత పనైంది. ఆ కథ నడుమ వస్తుంది. ముందు వాడి పుట్టుక చూస్తాము.

ఆపరేటింగ్ సిస్టమ్‌లో అన్నిటికీ అడుగున ఉండే ప్రోగ్రామును కర్నల్ అంటారు. మిలిటరీ కర్నల్ కాదు, గింజలో పప్పు అని అర్థం వచ్చే ఇంగ్లీషు మాట. మెమరీ పంచేది, డిస్కుతో మాట్లాడేది, ఏ పని ముందు ఏది వెనుక అని తీర్పు చెప్పేది అదే. అది కూడా డిస్కు మీద ఒక ఫైలుగా పడి ఉంటుంది. ఫైళ్ళను డిస్కు నుంచి మెమరీలోకి తెచ్చే పని ఎవరిది? కర్నల్‌ది. మరి ఆ కర్నల్‌నే తెచ్చేది ఎవరు? తాళంచెవి బీరువా లోపల పెట్టి బీరువాకు తాళం వేసినట్టు ఉంది కదా. కంప్యూటర్ పుట్టిన నాటి నుంచి ఉన్న చిక్కు ఇది.

ఇంగ్లీషువాళ్ళు బూటు వెనకాల ఉండే పట్టీని బూట్‌స్ట్రాప్ అంటారు. తన బూటు పట్టీ తానే పట్టుకొని తనను తాను పైకి ఎత్తుకోవడం అని వాళ్ళలో ఒక మాట ఉంది. జరగని పనికి ఆ మాట చెబుతారు. 1950లలో కంప్యూటర్ వాళ్ళు దాన్నే తీసుకొన్నారు. అది కురచై బూట్ అయింది. ఈ రోజు మన పిల్లలు "బూట్ కాలేదు" అంటే, ఆ బూటు పట్టీ సంగతే.

1952లో ఐబీఎం వాళ్ళు 701 అనే యంత్రం ప్రకటించినారు. దానికి లోడ్ అని ఒక బటన్, దానితోపాటు ఒక సెలెక్టర్ స్విచ్ ఉండేవి. స్విచ్ ఎటు తిప్పి ఉంటే అటు నుంచి, అంటే పంచ్ కార్డు నుంచో, టేపు నుంచో, డ్రమ్ము నుంచో, మొట్టమొదటి ఆజ్ఞ మెమరీలోకి వచ్చేది. అది తన వెనుక ఉన్నదాన్ని పిలిచేది. అది ఇంకొకదాన్ని. చూడండి, ఎక్కడి నుంచి మొదలుపెట్టాలి అనే ఎంపిక ఆ రోజే ఉంది, కాని అది మనిషి చేతిలో, ఒక స్విచ్ రూపంలో ఉంది. 1975లో వచ్చిన ఆల్టెయిర్ 8800 అనే చిన్న యంత్రానికి అట్లాంటి బటన్ కూడా లేదు. ముందు పలకలో ఉన్న స్విచ్‌లను పైకీ కిందికీ తోసి, ఒక్కొక్క బైటుగా ఆరంభ ప్రోగ్రామును మనిషే చేత్తో ఎక్కించాల. కరెంటు పోతే మళ్ళా మొదటి నుంచి.

1981లో ఐబీఎం పీసీ వచ్చింది. ఈ రోజు మన ఇళ్ళల్లో ఉన్నవాటికి తాత అది. అందులో బయాస్ అనే చిన్న ప్రోగ్రామును చెరగని చిప్పులో పెట్టి పంపినారు. అది ఆన్ కాగానే డిస్కులో మొదటి సెక్టారు, అంటే 512 బైట్లు, మెమరీలోకి తెచ్చి, "ఇక నువ్వు చూసుకో" అని పక్కకు తప్పుకొంటుంది. అంతే దాని పని. 1983లో హార్డ్ డిస్కు ఉన్న పీసీ ఎక్స్‌టీ, దానితో డాస్ 2.0 వచ్చినాయి. ఒకే డిస్కును భాగాలు చేసుకొనే వీలు అప్పుడు కలిగింది. ఆ 512 బైట్లకు పంపకం రాసినారు: ప్రోగ్రాముకు 446 బైట్లు, డిస్కు భాగాల పట్టికకు 64 బైట్లు, చివర గుర్తుకు 2 బైట్లు. పట్టికలో నాలుగు వరుసలు, ఒక్కొక్కటి 16 బైట్లు.

446 బైట్లు అంటే ఎంతో ఒక లెక్క చెబుతాము. ఈ రోజు మనం ఫోనులో తెలుగు టైపు చేస్తే ఒక్కొక్క సంకేతానికి మూడు బైట్లు పడుతుంది. గుణింతం గుర్తుకూ మూడే. ఆ లెక్కన 446 బైట్లలో 148 సంకేతాలు పడతాయి. పెళ్ళిపత్రికలో పెద్దల పేర్లు కూడా పూర్తిగా పట్టవు. అంత చోటులో ఒక కంప్యూటర్‌ను నిద్ర లేపే ప్రోగ్రాము రాయాల!

ఆ పట్టికలో నాలుగు భాగాల్లో ఒకదానికి "ఇది నడిచేది" అని గుర్తు పెడతారు. మొదటి సెక్టారులో ఉన్న ప్రోగ్రాము ఆ గుర్తు చూసి అటు పోతుంది. ఇంకోటి కావాలంటే ఎఫ్‌డిస్క్ అనే ప్రోగ్రాముతో గుర్తు మార్చి, కంప్యూటర్‌ను ఆపి, మళ్ళా ఆన్ చేయాల. రైల్వే భాషలో చెబితే, బండి వచ్చే ముందు పాయింట్స్‌మన్ లైను దగ్గరికి నడిచిపోయి చేత్తో పాయింటు మార్చి రావడం లాంటిది. క్యాబిన్‌లో కూర్చొని లీవర్ లాగే సౌకర్యం ఇంకా రాలేదు.

ఆ అవసరం ఎక్కడ నుంచి వచ్చింది? ఫిన్లండ్‌లో, హెల్సింకిలో చదువుకొనే లైనస్ టోర్వాల్డ్స్ 1991లో తన 386 కంప్యూటర్ మీద లైనక్స్ కర్నల్ రాసినాడు. అది నచ్చి తీసుకొన్నవాళ్ళందరి కంప్యూటర్లలో అంతకు ముందే డాస్ ఉంది. దాన్ని పారేయలేరు, పనులన్నీ దాంట్లోనే. కొత్తదాన్ని వదలలేరు, మనసు దాని మీద. ఇంకో కంప్యూటర్ కొనే డబ్బు చదువుకొనే పిల్లల దగ్గర ఎక్కడిది? అందుకని రెండు సంసారాలు ఒకే డిస్కులో కాపురం పెట్టినాయి.

మొదట్లో లైనక్స్ కర్నల్‌ను ఫ్లాపీ మీదికి ఎక్కించి, ఆ ఫ్లాపీ పెట్టి ఆన్ చేసేవారు. హార్డ్ డిస్కు నుంచే మొదలుపెట్టాలంటే, మినిక్స్ అనే వేరే సిస్టమ్ కోసం రాసిన షూలేస్ అనే లోడర్‌ను వాడుకొనేవారు. బూటు పట్టీ తరువాత బూటు దారం అన్నమాట! కాని దానికి మినిక్స్ పద్ధతిలో ఫైళ్ళు పెట్టిన డిస్కు మాత్రమే అర్థమయ్యేది. లైనక్స్‌కు కొత్త కొత్త ఫైల్ పద్ధతులు వస్తా ఉన్నాయి. ఒక్కొక్కదానికీ ఒక లోడర్ రాయాలంటే కుదిరే పని కాదు.

1992లో స్విట్జర్లండ్‌కు చెందిన వెర్నర్ ఆల్మెస్‌బెర్గర్ దీనికి విరుగుడు కనిపెట్టినాడు. లైనక్స్ లోడర్ అనే రెండు మాటల్లో మొదటి అక్షరాలు రెండేసి తీసి లిలో అని పేరు పెట్టినాడు. అతని ఉపాయం ఏమిటో మా ఆఫీసు భాషలో చెబుతాము.

మా సెక్షన్‌లో వేల సర్వీసు రిజిస్టర్లు ఉండేవి. కొత్తగా వచ్చిన ప్యూనుకు చదవడం రాదు. అతనికి "ఫలానా మనిషి ఫైలు తీసుకురా" అంటే లాభం లేదు. "మూడో బీరువా, రెండో అర, ఎడమ నుంచి ఏడోది" అని చెబితే కళ్ళు మూసుకొని తెస్తాడు. లిలో సరిగ్గా ఆ ప్యూను. 446 బైట్లలో ఫైల్ పేర్లు చదివే చదువు పట్టదు. అందుకని చదువుకొన్న లైనక్స్ నడుస్తున్నప్పుడే లిలో ఇన్‌స్టాలర్ కూర్చొని, కర్నల్ ఫైలు డిస్కులో ఏ ఏ చోట్ల ఉందో ఒక పటం రాసి పెట్టుకొంటుంది. రేపు ఆన్ చేసినప్పుడు ఆ చిన్న ప్రోగ్రాము పటం చూసి, ఆ చోట్ల ఉన్నది ఉన్నట్టు మెమరీలోకి మోసుకొని వస్తుంది. ఫైల్ పద్ధతి ఏదైనా దానికి పట్టింపు లేదు. షూలేస్‌కు లేని గొప్ప అదే.

కాని ఆ గొప్పలోనే చిక్కు ఉంది. బీరువా జరిపితే? రెండో అరలో ఫైళ్ళు తీసి మూడో అరలో పెడితే? చీటీ పాతదే ఉంటుంది, ప్యూను పాత చోటికే పోతాడు. అందుకని కర్నల్ మార్చిన ప్రతిసారీ, పట్టిక దిద్దిన ప్రతిసారీ, లిలో అని టైపు చేసి ఆ పటం మళ్ళా రాయించాల. లైనక్స్ పాతకాపులందరూ ఈ పాఠం ఒకసారి దెబ్బ తిని నేర్చుకొన్నవాళ్ళే.

లిలోకు చెప్పాల్సింది ఒక చిన్న ఫైలులో రాస్తారు. పది పదిహేను వరుసలు, అంతే. బూట్ అనే వరుసలో లిలో ఏ డిస్కు మొదట కూర్చోవాలో చెబుతాము. ప్రాంప్ట్ అని రాస్తే ఆగి అడుగుతుంది. టైమౌట్ అనేది ఎంతసేపు ఆగాలనేదానికి. దాని లెక్క సెకనులో పదో వంతు. 50 అని రాస్తే అయిదు సెకన్లు. డిఫాల్ట్ అనే వరుసలో, ఎవరూ ఏమీ చెప్పకపోతే ఏది తెరవాలో దాని పేరు. ఆ వరుస రాయకపోతే పట్టికలో మొదట ఉన్నదే డిఫాల్ట్. తరువాత ఒక్కొక్క కర్నల్‌కు ఒక్కొక్క గుంపు: ఇమేజ్ అని కర్నల్ ఫైలు ఉన్న చోటు, లేబుల్ అని మనం పిలిచే పేరు, రూట్ అని ఆ లైనక్స్ కాపురం ఉన్న భాగం. డాస్, విండోస్ లాంటి పరాయివాటికి ఇమేజ్ బదులు అదర్ అని రాస్తారు. వాటి కర్నల్ ఎక్కడుందో లిలోకు తెలియనక్కరలేదు. వాళ్ళ గుమ్మం దాకా తీసుకుపోయి వదిలేస్తుంది, లోపలి సంగతి వాళ్ళదే.

ఇట్ల పదహారు దాకా పేర్లు పెట్టుకోవచ్చు. అందుకే లైనక్స్ వాళ్ళలో ఒక ఆచారం ఏర్పడింది. కొత్త కర్నల్ చేసుకొంటే పాతదాన్ని తీసేయరు. కొత్తదానికి ఒక లేబుల్, పాతదానికి ఇంకో లేబుల్. కొత్తది మొరాయిస్తే పాతదానితో లేచి తప్పు దిద్దుకొంటారు. లిలోలోనే ఇంకో మంచి సదుపాయం ఉంది. ఈ ఒక్కసారికి మాత్రం కొత్తదాన్ని తెరువు, మరుసటిసారి పాతదానికే పో అని చెప్పవచ్చు. కొత్త డ్రైవరుకు ఒక ట్రిప్పు ఇచ్చి చూసినట్టు.

ఇంకొకటి, అన్నిటికన్నా మాకు నచ్చినది. లిలో లేచేటప్పుడు తన పేరు నాలుగు అక్షరాలను ఒక్కొక్కటిగా తెర మీద రాస్తుంది. మొదటి ఎల్ వస్తే మొదటి ముక్క నడుస్తోందని అర్థం. ఐ వస్తే రెండో ముక్క మెమరీలోకి వచ్చిందని. రెండో ఎల్ వస్తే ఆ రెండో ముక్క నడవడం మొదలుపెట్టిందని. ఓ వస్తే అంతా క్షేమం. చోటు లేక దీర్ఘమైన సందేశాలు రాయలేని మనిషి, తన పేరునే సిగ్నల్ స్తంభంగా నిలబెట్టినాడు. ఏ అక్షరం దగ్గర ఆగిందో చూస్తే జబ్బు ఎక్కడో తెలుస్తుంది.

ఇప్పుడు మా కథకు వస్తాము.

2001లో మన సంఘానికి ఒకరు వాడిన కంప్యూటర్ దానంగా ఇచ్చినారు. విండోస్ 98. దాంట్లో రెండేళ్ళు ఆదివారాలు కూర్చొని నాలుగు వందల పైచిలుకు కుటుంబాల వివరాలు ఎక్కించినాము. ఇంటిపేరు, గోత్రం, పూర్వీకుల ఊరు అని పెద్దవాళ్ళు చెప్పింది, పెళ్ళీడు పిల్లల వివరాలు. చెదలు తిన్న పాత నోటు పుస్తకాల నుంచి చూసి రాసినవి కొన్ని. చెప్పిన ముసలివాళ్ళలో కొందరు అప్పటికే కాలం చేసినారు. ఫ్లాపీల్లో కాపీ తీయాలని ప్రతివారమూ అనుకొనేది, తీసేది లేదు.

మాకు అక్క వరసయ్యే ఆమె కొడుకు ఎంసీఏ చదివేవాడు. ఇంట్లో కంప్యూటర్ లేదు. "మామా, సంఘం కంప్యూటర్‌లో ఒక మూలకు లైనక్స్ వేసుకొంటాను, మీ విండోస్ జోలికి పోను" అని అడిగినాడు. సరే అన్నాము. అట్ల లిలో మన సంఘంలోకి వచ్చింది. వాడు డిఫాల్ట్‌గా లైనక్స్ పెట్టుకొని, టైమౌట్ అయిదు సెకన్లు ఇచ్చినాడు. మా పెద్దవాళ్ళు కళ్ళజోడు వెతుక్కొనేలోగా అయిదు సెకన్లు అయిపోయేది. నల్ల తెర వచ్చి పేరు అడిగేది. కోశాధికారి అన్న దానికి తన పేరు, తండ్రి పేరు కూడా టైపు చేసి చూసినాడు!

ఒక ఆదివారం ఆన్ చేస్తే తెర మీద రెండే రెండు అక్షరాలు. ఎల్, ఐ. తరువాత ఏమీ లేదు. ఎంతసేపు చూసినా అంతే. అబ్బాయి ఇంటర్వ్యూకని చెన్నై పోయినాడు. కోశాధికారి అన్న తల పట్టుకొన్నాడు. "అంతా పోయ. పుస్తకాలే ఉండుంటే ఇట్లయ్యేదా? యంత్రాన్ని నమ్మితిమి" అన్నాడు. రిపేరు మనిషిని పిలిస్తే వచ్చి చూసి, డిస్కు ఫార్మాట్ చేసి కొత్తగా విండోస్ వేయాలన్నాడు. ఫార్మాట్ అంటే తుడిచేయడం. అతనికి లైనక్స్ తెలియదు, తెలియనిది పాడైపోయిందని అనుకొన్నాడు. సగం మంది సరే అన్నారు, కంప్యూటర్ అయినా మిగులుతుందని.

మేము ఒక్క రోజు గడువు అడిగినాము. రైల్వేలో నేర్చుకొన్నది ఒకటే: రిజిస్టరు కనబడకపోతే కొత్త రిజిస్టరు తెరవవద్దు, ముందు వెతుకు. ఎస్టీడీ బూత్‌కు పోయి అబ్బాయి దిగిన చోటికి ఫోను చేసినాము. వాడు అడిగిన మొదటి ప్రశ్న ఇప్పటికీ చెవుల్లో ఉంది. "ఎన్ని అక్షరాలు కనబడతా ఉన్నాయి మామా?"

"రెండు. ఎల్, ఐ."

"అయితే డిస్కు బాగానే ఉంది. తప్పు నాదే. ఎవరినీ ముట్టుకోనీవద్దు, బుధవారం వస్తా."

జరిగింది ఏమిటంటే, వాడు ఊరికి పోయే ముందు కొత్త కర్నల్ కోసం చోటు చేయాలని పాత ఫైళ్ళను వేరే భాగానికి జరిపి, ఆ చోట్లో కొత్తవి పెట్టి, లిలో మళ్ళా నడపడం మరిచి బస్సెక్కినాడు. బీరువాలో అరలు మారినాయి, చీటీ మారలేదు. ప్యూను పోయి రెండో ముక్క అని ఏదో ఫైలు మోసుకొచ్చినాడు. అది నడవలేదు. మన రిజిస్టరు ఉన్న విండోస్ భాగాన్ని ఎవరూ తాకనే లేదు. పోయింది ఊరు కాదు, ఊరికి పోయే దారి మాత్రమే.

బుధవారం సాయంత్రం వాడు ఒక బూట్ ఫ్లాపీతో వచ్చినాడు. ఫ్లాపీతో లైనక్స్ తెరిచి, ఆ చిన్న ఫైలు దిద్ది, లిలో అని కొట్టినాడు. తెర మీద లైనక్స్ చేర్చినాను, డాస్ చేర్చినాను అని రెండు వరుసలు వచ్చినాయి. రెండు నిమిషాల పని. మళ్ళా ఆన్ చేస్తే నాలుగు అక్షరాలూ వచ్చినాయి. కోశాధికారి అన్న ఒక్కొక్క అక్షరానికీ ఒక వేలు మడిచినాడు. రిజిస్టరు తెరిచి తన ఇంటిపేరు చూసుకొన్నాక కాఫీ తాగినాడు. ఆ రోజే ఒప్పందం అయింది: డిఫాల్ట్ విండోస్, టైమౌట్ 300, అంటే ముప్పై సెకన్లు. తొందర ఉన్న కుర్రవాడు పేరు టైపు చేసుకొంటాడు, నిదానంగా ఉండే పెద్దవాళ్ళకు వాళ్ళది దానంతట అదే తెరుచుకొంటుంది. ఆ వారమే ఫ్లాపీల్లో కాపీ కూడా తీసినాము.

లిలోకు ఇంకో పాత కష్టం ఉండేది, క్లుప్తంగా చెబుతాము. పాత బయాస్‌కు డిస్కులో 1024 సిలిండర్లు మాత్రమే లెక్కపెట్టడం వచ్చు. దాంతో మొదట 504 ఎంబీ, లెక్క సాగదీసినాక సుమారు 8 జీబీ, అంతకు మించిన దూరంలో కర్నల్ ఉంటే లిలోకు చెయ్యి అందేది కాదు. అందుకని డిస్కు మొదట్లోనే కర్నల్‌కు ఒక చిన్న గది కట్టేవారు. 1999 నుంచి లిలోను చూసుకొన్న జాన్ కాఫ్‌మన్ కొత్త లెక్కకు వీలు చేసినాక ఆ బాధ తీరింది.

ఇంతలో చదువుకొన్న ప్యూను వచ్చినాడు. 1995లో ఎరిక్ బోలిన్ అనే అతను హర్డ్ అనే వేరే కర్నల్ కోసం గ్రబ్ అనే లోడర్ మొదలుపెట్టినాడు. 1999లో అది గ్నూ సంస్థ చేతికి వచ్చింది. గ్రబ్‌కు ఫైల్ పేర్లు చదవడం వచ్చు. చీటీ అక్కరలేదు, పేరు చెబితే తానే పోయి వెతికి తెస్తుంది. మనం ఫైలు జరిపి చెప్పడం మరిచినా, ఆన్ చేసేటప్పుడే దాంతో మాట్లాడి కొత్త చోటు చెప్పవచ్చు. రెడ్ హ్యాట్ వాళ్ళు 2001లోనే తమ 7.2లో లిలోను పక్కన పెట్టి గ్రబ్‌ను డిఫాల్ట్ చేసినారు. లిలోను 2010 నుంచి యోఆకిమ్ వీడోర్న్ సాకినాడు. 2015 డిసెంబరులో ఆ పని ఆపేసినారు. ఇరవై మూడేళ్ళ సర్వీసు. మా సర్వీసు కన్నా తక్కువే, కాని పని మా కన్నా ఎక్కువ చేసింది.

గుమ్మం కూడా మారింది. బయాస్ పోయి యూఈఎఫ్ఐ వచ్చింది. దానికి 446 బైట్ల ఇరుకు లేదు. డిస్కులో ఒక భాగమే లోడర్లకని ఉంటుంది, ఒక్కొక్క సిస్టమ్ తన లోడర్‌ను అక్కడ ఫైలుగా పెట్టుకొంటుంది. గ్రబ్ పెద్దదైంది, దాని సెట్టింగులు చూస్తే మాలాంటివాళ్ళకు కళ్ళు తిరుగుతాయి. అందుకే 2012లో గమ్మీబూట్ అని మళ్ళా ఒక చిన్న లోడర్ రాసినారు. ఇప్పుడు దాని పేరు సిస్టమ్‌డీ-బూట్. దాని ఫైలు తెరిచి చూస్తే మాకు పాత స్నేహితుడు కనబడినట్టు అయింది. డిఫాల్ట్ అని ఒక వరుస, టైమౌట్ అని ఒక వరుస. ఒక్కొక్క కర్నల్‌కు ఒక్కొక్క చిన్న చీటీ. యంత్రాలు ఎన్ని మారినా గుమ్మంలో అడగాల్సినవి ఆ రెండే: ఎంతసేపు ఆగాల? ఎవరూ పలకకపోతే ఎవరిని లేపాల?

మన తమిళనాడులో ఈ గుమ్మం ఇంటింటికీ వచ్చిన కాలం ఒకటి ఉంది. 2011 సెప్టెంబరు 15న ప్రభుత్వం పిల్లలకు ఉచిత లాప్‌టాప్‌లు ఇవ్వడం మొదలుపెట్టింది. మా వీధిలో ప్లస్ టూ పిల్లకు వచ్చినదాంట్లో విండోస్ ఒకటి, సీ-డాక్ వాళ్ళు చేసిన బాస్ లైనక్స్ ఒకటి ఉండినాయి. ఆన్ చేస్తే రెండు పేర్లూ కనబడేవి. ఆ బాస్ లైనక్స్‌లో తమిళమూ తెలుగూ టైపు చేసుకొనే వీలు ఉంది. ఆ పిల్ల ఒక్కసారి కూడా ఆ వరుస ఎంచుకోలేదు. ఒక ఏడాది అయినాక "అది ఊరికే చోటు తింటా ఉంది" అని తుడిచేసి సినిమాలు పెట్టుకొంది. తప్పు పట్టము. ఎవరూ తెరవని గది సామాన్ల గది అవుతుంది, తరువాత గోడ కొట్టేస్తారు.

ఇక్కడే మాకు మన ఇళ్ళు గుర్తుకొస్తాయి. మన తలలో కూడా రెండు కర్నల్‌లు ఉన్నాయి. బడి, ఆఫీసు, బజారు తమిళంతో. అది డిఫాల్ట్. దాంట్లో అవమానం లేదు, మనకు చదువు చెప్పి అన్నం పెట్టిన భాష అది. మేము లెక్కలు ఇప్పటికీ తమిళంలోనే వేసుకొంటాము. తెలుగు రెండో వరుసలో ఉంది. ఎవరైనా కావాలని ఎంచుకొంటేనే తెరుచుకొంటుంది. మన పిల్లలకు తెలుగు పోయింది అని మీటింగుల్లో పెద్దలు ఏడ్చేటప్పుడు మాకు ఆ రెండు అక్షరాలే కనబడతాయి. ఎల్, ఐ. అవ్వ పాడిన పాట వాళ్ళు వింటే తల ఊపుతారు, మనం ఇంట్లో చాటుగా మాట్లాడుకొన్నది వాళ్ళకు అర్థమవుతుంది. అంటే డిస్కు బాగానే ఉంది. దారి చీటీ ఒకటే పాతదైంది. ఎవరో ఒకరు కూర్చొని మళ్ళా రాయాల. ఫార్మాట్ చేద్దాము అనేవాళ్ళ మాట మాత్రం వినవద్దు.

టైమౌట్ కూడా కొంచెం పెంచాల. పిల్ల తెలుగులో ఒక మాట కోసం తడుముకొంటే మనం అయిదు సెకన్లు కూడా ఆగము, తమిళంలోకి దూకుతాము. కళ్ళజోడు వెతుక్కొనే పెద్దవాళ్ళకు ఒక కుర్రవాడు ముప్పై సెకన్లు ఇచ్చినాడు. ఆ కుర్రవాడి మర్యాద మనం పిల్లలకు తిరిగి ఇవ్వలేమా?

ప్రశ్న అడిగిన పాపకు జవాబు ఇదే. అడిగేవాడు విండోసూ కాదు, లైనక్సూ కాదు. ఒకదాని కోసం ఇంకొకదాన్ని పారేయడానికి మనసు రానివాళ్ళు గుమ్మంలో కూర్చోబెట్టిన చిన్న నౌకరు. వాడికి పెద్ద చదువు అక్కరలేదు. పట్టికలో రెండు పేర్లూ ఉండేటట్టు చూసుకొంటే చాలు.

ఆ 2001 రిజిస్టరు ఇప్పుడు మూడు చోట్ల కాపీగా ఉంది. దాంట్లో పూర్వీకుల ఊరు అనే గడి ఖాళీగా ఉన్న కుటుంబాలు ఇంకా చాలా ఉన్నాయి. మీ ఇంట్లో పెద్దవాళ్ళు ఉంటే ఈ వారమే అడిగి రాసుకొని రండి. ఆదివారం పది గంటలకు తెలుగు క్లాసు అయినాక కంప్యూటర్ దగ్గరే ఉంటాము.